తడిక వెనక మజ్జిగ

"రేపు ప్లీడరుగారొస్తన్నారు. ఒక బాన చాలదు, రెండు బానలు కలుపు."

చెన్నకేశవులు చెయ్యి కడుక్కుంటూ అన్న మాట అది. అని, తువ్వాలుతో మూతి తుడుచుకుని అరుగు మీదికి పోయాడు. తిరపతమ్మ అతని కంచం తీస్తూ మనసులో రెండో బాన కోసం వెతుక్కుంది. బాన దొరుకుతుంది. గాదె పక్కన ధనియాలు పోసిన బాన ఒకటుంది, ఖాళీ చేసి కడిగితే చాలు. మరి పెరుగెక్కడిది? పాలిచ్చేవి రెండే గేదెలు, ఎండలకు అవీ సగానికి తగ్గాయి. ఎవరెవరి ఇళ్లకు పోయి పెరుగు అడగాలో, ఎవరింట్లో పెరుగు పులిసి ఉంటుందో, ఎవరు కుండ సరిగా కడగరో అన్నీ ఆలోచించుకుంది. రెండు బానలకు ఎన్ని బిందెల నీళ్లు పడతాయో, ఆ బిందెలు బావి దగ్గర నుంచి ఎన్ని తడవలుగా రావాలో లెక్క కట్టుకుంది. "కలుపు" అనే ఒక్క మాటలో ఇదంతా ఉందని అన్నవాడికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం అతనికి ఏనాడూ రాలేదు.

వాళ్ల ఇల్లు గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు వారన ఉంది. ఇంటి ముందు తాటాకు పందిరి. ఉగాది వెళ్లిన నాటి నుంచి తొలకరి చినుకు పడేదాకా ఆ పందిట్లో దారిన పోయేవాళ్లకు మజ్జిగ పోస్తారు. చెన్నకేశవులు తాత పేరు మీద మొదలైన చలివేంద్రం అది, తండ్రి పోయాక ఆయన పేరూ కలిసింది. పందిరికీ ఇంటి వాకిలికీ మధ్య ఒక తడిక. తడిక ఇవతల తడి ఇసకలో బాన దిగేసి ఉంటుంది. అవతల ముసలి పాలేరు కోటయ్య తాత నిలబడి చెంబుతో పోస్తుంటాడు. తడికకు మధ్యలో చెయ్యి పట్టేంత సందుంది. తిరపతమ్మ చెంబు నింపి ఆ సందులోంచి ఇస్తుంది, కోటయ్య తాత అందుకుంటాడు. యుద్ధం అయిపోయినా పెట్రోలు ఇంకా దొరకడం లేదు గనక మాచర్ల బస్సు బొగ్గుతోనే నడుస్తున్నది. ఆ బొగ్గు ఎగదోసుకోవడానికి అది సరిగ్గా వాళ్ల పందిరి ఎదుటే ఆగుతుంది. బస్సు దిగినవాళ్లు మసి మొహాలతో వచ్చి దోసిళ్లు పడతారు.

తిరపతమ్మ శావల్యాపురం నుంచి ఆ ఇంటికి వచ్చి పదహారేళ్లు. వచ్చింది పరాయి ఇంటికేం కాదు. వెంకాయమ్మ ఆమెకు సొంత మేనత్త. "నా అన్న కూతుర్ని నా కళ్ల ముందే ఉంచుకుంటా" అని మొండికేసి తెచ్చుకుంది. తెచ్చుకున్న మరుసటి వేసవిలోనే కవ్వం తాడు కోడలి చేతికిచ్చి, తను గుమ్మంలో మంచం వేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఆ కళ్లకు పొరలు కమ్మాయి. కళ్లు పోయిన కొద్దీ చెవులు వాడిదేరాయి. పెరట్లో కోడి ఏ గంప కింద గుడ్డు పెట్టిందో మంచం మీద నుంచే చెబుతుంది.

మజ్జిగ కలపడం నేర్పింది అత్తే. చిలికిన చల్లలోంచి వెన్న పూర్తిగా తియ్యాలి, లేకపోతే ఎండపడి వచ్చినవాడికి కడుపులో బరువుగా ఉంటుంది. అల్లం దంచకూడదు, సన్నికల్లు మీద నూరి గుడ్డలో వేసి పిండాలి, నార గొంతుకు అడ్డం పడకుండా. పచ్చిమిరపకాయ గింజ తీసి వెయ్యాలి. దబ్బాకు ఈనె తీసి చేత్తో చింపాలి, కత్తి తగిలితే చేదు దిగుతుంది. కరివేపాకు రెండు అరచేతుల మధ్య నలిపి వెయ్యాలి. జీలకర్ర వేయించి పొడి కొట్టాలి, ఇంగువ కందిగింజంత చాలు. ఉప్పు అన్నిటికన్నా చివర వెయ్యాలి. ఎంత వెయ్యాలో మాత్రం అత్త చెప్పలేదు. "నీ చేతికే తెలుసుద్ది" అంది. ఒక్కటి గట్టిగా చెప్పింది. "మజ్జిగ నాలిక మీద వేసుకోమాక. పెద్దాళ్ల పేరు మీద పోసేది. ఎంగిలి తగిలిందా, వాళ్లకు ముట్టదు."

పొయ్యకముందు రుచి చూడకూడదు. పోసిన తరవాత ఇంటి ఆడది తాగకూడదు, ఇచ్చిన దానం వెనక్కి తీసుకున్నట్టవుతుందట. ఇంటి మగవాళ్లు తాగవచ్చు. వచ్చిన పెద్దమనుషుల పక్కన కూర్చుని తాగడం మర్యాద కూడా. అలా పదహారు వేసవులు రోజుకొక బాన చొప్పున మజ్జిగ కలిపిన తిరపతమ్మ, తను కలిపిన మజ్జిగ ఒక్క గుక్క తాగి ఎరగదు. అన్నంలోకి ఆమె పోసుకునేది కుండ కడిగిన చల్ల. అందులో అల్లమూ ఉండదు, దబ్బాకూ ఉండదు.

మొదటి ఏడాది ఉప్పు తక్కువ పడింది. "మీ శావల్యాపురంలో ఉప్పు కరువొచ్చిందా?" అని మామ నవ్వాడు. రెండో ఏడాది ఒకరోజు ఎక్కువ పడింది. దానికి చెన్నకేశవులు నాలుగు రోజులు మాట్లాడలేదు. మూడో ఏడాది నుంచి ఉప్పు గురించి ఎవ్వరూ మాట ఎత్తలేదు. ఆ ఇంట్లో బాగుంటే మాట ఉండదు, బాగాలేనప్పుడే మాట. అందుకే మాట వినపడకపోవడమే మెప్పనుకుని సరిపెట్టుకుంది. ముక్కుతో తెలుసుకోవడం తనంతట తానే నేర్చుకుంది. ఉప్పు చాలకపోతే బాన మీదికి వంగగానే పులుపు వాసన ముందు తగులుతుంది. సరిపోయిందంటే పులుపు వెనక్కి తగ్గి అల్లం ముందుకొస్తుంది. తొమ్మిదో పిడికిలి దగ్గర చెయ్యి ఆపి, వంగి వాసన చూసి, ఒక్కోసారి మూడువేళ్ల మధ్య పట్టినంత వేసేది, ఒక్కోసారి అదీ వేసేది కాదు. ఇంకొక ఆనవాలు తడిక అవతల ఉండేది. దోసిలి పట్టినవాడు తాగి తలెత్తి "ఆ..." అని ఒక ఊపిరి వదులుతాడు. ఆ ఊపిరి ఎంత పొడుగుంటే మజ్జిగ అంత కుదిరినట్టు. మొహాలు కనపడవు, మెడలూ దోసిళ్లూ మాత్రం తడిక సందుల్లో ముక్కలు ముక్కలుగా కనపడతాయి. ఆ ఊపిరులు వింటూ ఆమె రోజు గడిపేది. పిల్లలిద్దరూ సెలవులకు అమ్మమ్మ ఊరు పోతే ఆ రోజులు మరీ పొడుగ్గా ఉండేవి. అప్పుడు ఆ ఊపిరులే తోడు.

ప్లీడరు ధనుంజయరావు నరసరావుపేట మనిషి. ఆదివారం ఊళ్లో పంచాయితీ బోర్డు ప్రెసిడెంటును చేతులెత్తి ఎన్నుకుంటారు. చెన్నకేశవులు నిలబడుతున్నాడు. ఆయన వచ్చి నాలుగు మాటలు చెబితే నాలుగు చేతులు ఎక్కువ లేస్తాయని పిలిపించుకున్నాడు.

ప్లీడరు వచ్చిన రోజు మజ్జిగ రెండు బానల్లో సిద్ధమై తడిక పక్కన ఉంది. ఉప్పు వేసి, వాసన చూసి, మూతలు పెట్టి, తిరపతమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటుండగా చెన్నకేశవులు తడిక ఒక పక్కకు జరిపాడు. వెనక ప్లీడరు, ఆ వెనక ఊరి పెద్దలు. తిరపతమ్మ గబాలున గాదె చాటుకు పోయింది.

"మా నాయన పేరు మీద పోసే మజ్జిగండి. పాలేళ్ల మీద వదిలేది కాదు. ఉప్పు నా చేత్తో నేనే వేస్తా," అన్నాడు చెన్నకేశవులు. అని, ఉప్పుచట్టిలో చెయ్యి పెట్టి పిడికెడు కల్లుప్పు తీసి మొదటి బానలో వేశాడు.

తిరపతమ్మ అక్కడున్న చెంబూ గరిటే అందుకుంది. పరాయి మగవాళ్లున్నప్పుడు ఆడది గొంతు ఎత్తి పిలవదు. చెంబు మీద గరిటెతో కొడుతుంది. ఒక దెబ్బ కొడితే ఇటు రమ్మని. రెండు కొడితే ఏదో తేడా వచ్చింది, ఆగమని. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆమె రెండు దెబ్బలు కొట్టింది.

చెన్నకేశవులు చెయ్యి రెండో పిడికిలితో బాన మీద ఆగింది.

"ఇంట్లోనించి తాఖీదొచ్చినట్టుందే!" అన్నాడు ప్లీడరు. వెనక ఉన్నవాళ్లు నవ్వారు.

చెన్నకేశవులు మెడ ఎర్రబడడం తిరపతమ్మకు గాదె చాటు నుంచి కనిపించింది. అతను రెండో పిడికిలి వేశాడు. మళ్లీ చట్టిలో చెయ్యి పెట్టి మూడోది తీశాడు. అది కూడా వేసి, చేతులు దులుపుకుని, "ఆడాళ్లకు తొందరెక్కువ. పదండి," అన్నాడు.

తర్వాత జరగాల్సిందే జరిగింది. ప్లీడరు ఒక గుక్క నోట్లోకి తీసుకుని, మింగనూలేక ఉమ్మనూలేక, చివరికి కళ్లు మూసుకుని మింగాడు. "చెన్నకేశవులుగారూ, మీ పలనాటి పౌరుషమంతా మజ్జిగలోనే కలిపారే!" అన్నాడు. పందిరంతా నవ్వు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి చెన్నకేశవులు అన్నాడు: "ఏం చెయ్యమంటారండి. నేనేసి ఇటొచ్చానో లేదో, వెనకమాల మళ్లీ వేసుంటుంది. పదహారేళ్లు కాపరం చేసినా ఉప్పెంతో తెలవదు మా ఇంటిదానికి." ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. కోటయ్య తాత ఒక్కడే నవ్వలేదు.

పెద్దమనుషులకు రెండో బాన తెరిచారు. మొదటి బానను ఏం చెయ్యాలని కోటయ్య తాత అడిగితే, "నాలుగు బిందెలు నీళ్లు కొట్టి పల్లెవాళ్లకు పొయ్యి," అన్నాడు చెన్నకేశవులు. ఊరవతల అంటరాని పల్లెవాళ్లు పందిట్లోకి రారు. పందిరి చివర నిలబడితే తాటి దోనెలోంచి పైనుంచి పోస్తారు. ఆ మధ్యాహ్నం వాళ్లు ఆ మజ్జిగ తాగి మెదలకుండా పోయారు. ఏం బాగాలేదని వాళ్లు ఎవరికి చెబుతారు?

దీపాలు పెట్టే వేళకు చెన్నకేశవులు అన్నానికి కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"రేపట్నించి ఉప్పు నేనేస్తా. నువ్వు చట్టి ముట్టుకోబాకు. ప్లీడరుగారు రేపు పొద్దున బస్సుకు పోతారు, పందిట్లో పదిమంది ఉంటారు. అందరూ చూస్తుండగా వేస్తా. నువ్వు మిగతా పని చూసుకో."

"నేను అప్పటికే వేశాను. అందుకే చెంబు కొట్టింది," అంది తిరపతమ్మ, కంచం వంక చూస్తూ.

"అయితే ఏందంటా? పదిమందిలో చెంబు వాయిస్తావా? చులకనైపోయింది నేను."

అతను లేచి పోయాడు. తిరపతమ్మ పొయ్యి ముందు కూర్చుండిపోయింది. మిగతా పని. ఎంత చక్కగా అన్నాడో. గేదెలకు కుడితి పెట్టడం, పాలు పిండటం, పిడకల దాలిలో పాలు ఎర్రగా కాగేదాకా చూసుకోవడం, తోడు పెట్టడం, కోడి కూయకముందు లేచి కవ్వం తాడు లాగడం, నీళ్లు మొయ్యడం, నూరడం, పిండటం, నలపడం, బాన తడి ఇసకలో చల్లారేదాకా ఇసక మీద నీళ్లు చిలకరించడం, సాయంత్రం బోర్లించి బూడిదతో తోమడం, ఇదంతా మిగతా. ఇదంతా ఎవరైనా చేస్తారు, అద్దెకు తెచ్చిన మనిషయినా చేస్తుంది. అందులో తనది అని ఆమె అనుకున్నది ఒక్కటే. ఆ తొమ్మిదో పిడికిలి దగ్గర చెయ్యి ఆగడం. అది ఎవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, అసలు అలాంటిది ఒకటి ఉందని ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని కూడా తీసేసుకోవచ్చా? అతను తీసుకుంటున్నది ఏమిటో అతనికే తెలియనప్పుడు అడ్డం ఎలా పడాలి? అరచి ఏడవడానికి కూడా ఏమీ లేదు. "ఉప్పు వెయ్యనివ్వడం లేదని ఏడుస్తున్నాను" అంటే శావల్యాపురంలో తల్లి కూడా నవ్వుతుంది.

మంచం మీద వెంకాయమ్మ కదిలింది.

"వాడే వేశాడు," అంది.

తిరపతమ్మ తల తిప్పింది. "నీకెట్టా తెలుసు?"

"కల్లుప్పు మజ్జిగలో పడితే చప్పుడు నాకు తెలవదటే? ఇరవై ఎనిమిదేండ్లు వేశా. నువ్వు వేస్తే రాలినట్టుంటది. వాడు రాళ్లేసినట్టు వేశాడు. మూడుసార్లు."

"మరి అప్పుడే చెప్పలేదేం అత్తా?"

"నలుగురిలో కొడుకు చెయ్యి తప్పంటామా," అని వెంకాయమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. తిరపతమ్మ ఆ వీపు వంక చూస్తూ ఉండిపోయింది. తన తండ్రి వీపు లాంటిదే, ఒక పక్కకు ఒంగి ఉంటుంది. ఒకే ఇంట్లో పుట్టిన రక్తం. నా చెయ్యి తప్పు అని మాత్రం అనిపించుకోవచ్చన్నమాట, అనుకుంది.

మర్నాడు వేకువన కొట్టంలో కసువు ఊడవడానికి గ్రేసమ్మ వచ్చింది. పల్లె నుంచి రోజూ వస్తుంది. వయసులో తిరపతమ్మ కన్నా పదేళ్లు పెద్దది. ఊడ్చే చీపురు ఆపకుండానే అంది.

"నిన్నటిది నీ చెయ్యి కాదమ్మా."

తిరపతమ్మ పాలు పిండుతున్న చేతులు ఆగాయి. "ఎవరన్నారు?"

"ఎవరనాలి? నా నాలిక లేదా? పదేండ్లాయె తాగబట్టి. నీ ఉప్పు ముందు తగలదమ్మా. మింగినాక, గొంతులో అల్లం దిగినాక, అప్పుడు నిదానంగా తెలుసుద్ది. నిన్నటిది పెదిమల కాడనే పట్టుకుంది. నీళ్లు కొట్టినా పోలా. మా పిల్లోడికి పొట్టలో తిప్పి రెండుసార్లు కక్కాడు. ఎవరో తెలవనోళ్లు పైన పోశారని మా ఏలియాతో అప్పుడే అన్నా."

మొగుడి పేరు ఎంత తేలిగ్గా అంటుందో ఈ మనిషి, అనుకుంది తిరపతమ్మ. కాని ఆమె అడిగింది అది కాదు. నోట్లోంచి ఇంకేదో వచ్చింది.

"నా మజ్జిగ ఎట్టుంటదే గ్రేసమ్మా?"

గ్రేసమ్మ చీపురు ఆపి నవ్వింది. "అదేం అడగటం అమ్మా? కలిపేదానివి నువ్వు. నీకు తెలవదా?"

తిరపతమ్మ మళ్లీ పాలు పిండసాగింది. గేదె తోక విసిరి ఆమె భుజం మీద కొట్టింది. గ్రేసమ్మ ఆమె మొహం వంక చూసింది, నవ్వు మెల్లగా పోయింది.

"నిజంగానా తల్లీ?" అంది. "పదిమంది ముందు దోనె కింద వంగి నిలబడేదాన్ని నేనే తాగతన్నానే. పందిట్లోకి రానియ్యని నాకే తెలుసు గదా నీ మజ్జిగ!"

మాట ఎక్కువైందేమోనని భయపడి గ్రేసమ్మ గబగబా పేడ తట్ట ఎత్తుకుని దొడ్డి దాటిపోయింది. తిరపతమ్మ పాలు పిండటం పూర్తి చేసింది. ఆ తర్వాత చేసిన పనులేవీ ఆమెకు గుర్తు లేవు. చేతులు చేసుకుపోయాయి. చిలికింది, నీళ్లు మోసింది, నూరింది, పిండింది, దబ్బాకు చింపింది. బస్సు ఊపిరి లాగుతూ ఊరి మొదట్లో వస్తున్న చప్పుడు వినబడే వేళకు బాన నిండింది. ఉప్పుచట్టి ఎదురుగా ఉంది.

ఆమె చట్టిలో చెయ్యి పెట్టింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో పిడికిలి దగ్గర చెయ్యి ఆగింది. వంగి వాసన చూసింది. అల్లం ముందుకొచ్చింది. ఇక చాలు. చాలని ముక్కు చెప్పింది, పదహారేళ్లుగా చెబుతూనే ఉంది. ఈ ముక్కుకు సాక్ష్యం ఎవరు? అవతలివాళ్ల ఊపిరులు. నిన్న ఆ ఊపిరులకు బదులు నవ్వు వచ్చింది, తన దగ్గర తిప్పి చెప్పడానికి ఒక్క మాట లేకపోయింది. నేను వేసింది సరిపోయింది అని అనాలంటే ముందు అది తనకు తెలిసి ఉండాలి గదా.

కొబ్బరిచిప్ప గరిటె ముంచి తీసి నోటికి ఎత్తింది.

మొదట చల్లగా ఉంది. అంతే, చలువ. తరువాత దబ్బాకు, ముక్కు లోపలి నుంచి వచ్చిన వాసన. పచ్చిమిరప నాలిక చివర ఒకసారి చుర్రుమని పోయింది. మింగాక గొంతులో అల్లం వెచ్చగా దిగింది. ఆ వెచ్చదనం వెనక, ఎవరో తొందర లేని మనిషి నడిచి వచ్చినట్టు, ఉప్పు. గ్రేసమ్మ చెప్పింది చెప్పినట్టుగా ఉంది. తిరపతమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, అది అల్లం ఘాటు కాదు. ఇంకొక గరిటె తీసుకుంది. మూడోది కూడా తాగింది. "ఆ..." అని ఊపిరి వదిలింది.

"ఏందే ఆ గుటక?" అంది గుమ్మంలోంచి వెంకాయమ్మ.

"తాగానత్తా."

"ఏం తాగావు?"

"మామ మజ్జిగే. ఉప్పు చూశా."

మంచం కిర్రుమంది. అత్త లేచి కూర్చుంది. తిట్టు వస్తుందనుకుంది తిరపతమ్మ, రాలేదు. ఈలోగా పందిట్లో అలికిడి అయింది. బస్సు ఆగింది. చెన్నకేశవులు గొంతు, ప్లీడరు గొంతు, ఇంకా ఏడెనిమిదిమంది గొంతులు. "ఇయ్యాళ నా చేతి మహత్యం చూడండి," అంటున్నాడు చెన్నకేశవులు. తడిక అంచు పక్క నుంచి అతని చెయ్యి లోపలికి వచ్చి ఉప్పుచట్టి కోసం తడుముకుంది. పిడికిలి నిండా కల్లుప్పు పట్టుకుని బాన మీదికి వచ్చింది.

ఈసారి తిరపతమ్మ చెంబు కోసం చూడలేదు. తడిక పట్టుకుని పక్కకు లాగింది.

"బావా," అంది.

పెళ్లికి ముందు శావల్యాపురంలో పిలిచిన పిలుపు. పుస్తె పడ్డాక ఆ పిలుపు ఆ నోట రాలేదు. పందిట్లో అందరూ ఆమె వంక చూశారు. చెన్నకేశవులు కూడా ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఉప్పు వేశా. తాగి చూశా, సరిపోయింది. నువ్వు ఇంకా వేస్తే నిన్నటి మాదిరే అవుద్ది."

ఆమె గొంతు పెద్దగా లేదు. కాని ఆ మాటలో నిన్నటి మాట మొత్తం ఉంది. ప్లీడరు మీసం మీద చెయ్యి వేసుకుని నేల చూపు చూశాడు. కోర్టులో సాక్షుల మాటలు వినడం అలవాటైన మనిషి. ఒక పెద్దమనిషి దగ్గాడు.

చెన్నకేశవులుకు నిన్నటి సంగతి కాదు, అంతకన్నా పెద్దది తగిలింది. "తాగి చూశావా?" అన్నాడు. "మా నాయనకు పోసేదాన్ని ఎంగిలి చేశావటే?" గొంతు పైకి లేచింది. "ఒరేయ్ కోటయ్యా, ఆగు. పొయ్యమాక. పారబొయ్యి ఆ బాన."

కోటయ్య తాత చెంబు పట్టుకుని నిలబడ్డాడు. అవతల బస్సు దిగినవాళ్లు ముప్పైమంది దాకా ఉన్నారు. ఎండ అప్పటికే రోడ్డు మీద నాపరాళ్లను కాలుస్తున్నది. ఒక ముసలామె సంకలో పసిపిల్లతో ముందుకు వచ్చి దోసిలి పట్టి, ఎవరి మొహం చూడాలో తెలియక చెయ్యి కిందికి దించింది. బస్సు నడిపే ఖలందర్ బొగ్గు చేతులు తుడుచుకుంటూ, "పోస్తారా లేదా సామీ? పొయ్యి ఆరిపోతే మళ్లీ గంట," అన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు, ఎవరూ వెనక్కి పోలేదు. తాగి చూసిన ఆడదాని మజ్జిగను ముందుగా తాగే మగవాడు ఎవడా అని అందరూ పక్కవాడి వంక చూస్తున్నారు.

తిరపతమ్మ బాన పక్కన నిలబడి ఉంది. చాటుకు పోలేదు. పారబోస్తే పారబోస్తారు, అనుకుంది. పారబోసినా ఉప్పు సరిపోయిన సంగతి మారదు. అది ఇప్పుడు నాకు తెలుసు.

వెనక తడుముకుంటూ వచ్చే అడుగుల చప్పుడయింది. వెంకాయమ్మ ఒక చేత్తో తడిక పట్టుకుని, ఇంకో చేత్తో తన మంచినీళ్ల చెంబు పట్టుకుని బాన దగ్గరికి వచ్చింది.

"నాకు పొయ్యవే," అంది.

"అమ్మా, ఎంగిలయిందే అది!" అన్నాడు చెన్నకేశవులు. "నాయన మజ్జిగ. నువ్వు తాగకూడదు."

"గుటక నేనూ విన్నాలేరా," అంది వెంకాయమ్మ, కొడుకు ఉన్న వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తూ. "మీ నాయనతో నేను చెప్పుకుంటా. పొయ్యవే."

తిరపతమ్మ పోసింది. వెంకాయమ్మ చెంబు రెండు చేతులా ఎత్తి తాగడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది. నాలిక పెదవుల మీద తిప్పుకుంది. మళ్లీ ఎత్తి, మెడ నరాలు కదులుతుండగా, చెంబు తిరగబడేదాకా తాగింది. చెన్నకేశవులు పిడికిట్లో ఉప్పు చెమటకు తడిసి వేళ్ల సందుల్లోంచి కారుతున్నది. దాన్ని ఎక్కడ వెయ్యాలో అతనికి తోచడం లేదు.

వెంకాయమ్మ ఖాళీ చెంబు దించి, పొరలు కమ్మిన కళ్లు కోడలి వైపు తిప్పింది.

"ఇదటే?" అంది. "ఇన్నేండ్లూ మనం ఊరోళ్లకు పోసింది, ఇదటే?"